ఎల్ఎల్-37 ఇంజెక్షన్ పిల్లాడికి ఇప్పించొచ్చా?

ఉప్పల్ నుంచి అడిగిన తండ్రిగారికి,

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. బాబుకి పదకొండేళ్ళు. ఈ ఏడాదిలో నాలుగుసార్లు సెగ్గడ్డలు లేచాయి. తొడ మీద రెండుసార్లు, పిరుదు మీద ఒకసారి, చంకలో ఒకసారి. యాంటీబయాటిక్ వాడితే తగ్గుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. మన ఒంట్లోనే సూక్ష్మజీవుల్ని చంపే ఎల్ఎల్-37 అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) ఉంటుందని మీరు చదివారు. జిమ్‌లో పరిచయమైన ఒకాయన దాని వయల్ (ఇంజెక్షన్ పొడి ఉన్న చిన్న సీసా) తెప్పించి ఇస్తానన్నాడు. విటమిన్ డి ఎక్కువ ఇస్తే ఆ పెప్టైడ్ దానంతటదే పెరుగుతుందని ఇంకొకరు అన్నారు. రెండింట్లో ఏది చేయాలి, అసలు ఇది యాంటీబయాటిక్‌కి బదులు పనికొస్తుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. వయల్ వద్దు. బాబుకీ వద్దు, మీకూ వద్దు. విటమిన్ డి పరీక్షలో తక్కువని తేలితే పిల్లల డాక్టర్ రాసిన మోతాదులో ఇవ్వండి, అంతకు మించి ఒక్క చుక్క వద్దు. ఇక గడ్డలు మళ్ళీ మళ్ళీ రావడానికి కారణం బాబు ఒంట్లో ఎల్ఎల్-37 తక్కువ కావడమని నేను అనుకోవడం లేదు. చాలావరకు ఆ కారణం ముక్కులోనో, ఇంట్లో అందరూ వాడే తువ్వాలులోనో ఉంటుంది. దాని గురించి చివర్లో వివరంగా రాశాను, అది మాత్రం వదలకుండా చదవండి.

నేను క్లినికల్ మైక్రోబయాలజిస్టుని. ఇరవై రెండేళ్ళుగా హైదరాబాద్‌లో ఆసుపత్రి ల్యాబ్‌లో పని. చీము, రక్తం, కళ్ళె, మూత్రం శాంపిళ్ళు చూసి అందులో ఏ సూక్ష్మజీవి ఉంది, దానికి ఏ మందు పనిచేస్తుంది అని రిపోర్టు ఇస్తాను. అంతకుముందు పీహెచ్‌డీలో ఐదేళ్ళు ఇలాంటి పెప్టైడ్లతోనే గడిపాను. కాబట్టి మీరు అడిగిన రెండు వైపులా నాకు కొంత అనుభవం ఉంది.

అసలు ఇదేమిటి?

ఎల్ఎల్-37 అంటే 37 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. మొదటి రెండూ ల్యూసిన్లు. ల్యూసిన్‌ని ఒక్క అక్షరంతో రాస్తే 'ఎల్', అందుకే ఆ పేరు. 1995లో స్వీడన్, డెన్మార్క్, అమెరికాల్లోని బృందాలు విడివిడిగా దీన్ని, దీని మూల ప్రోటీన్‌ని పట్టుకున్నాయి. ఇది కాథెలిసిడిన్లు అనే కుటుంబానికి చెందింది. ఆవుల్లో, పందుల్లో ఈ కుటుంబంవి చాలా రకాలుంటాయి. మనిషికి మాత్రం ఈ ఒక్కటే. డిఫెన్సిన్లని ఇంకో పెద్ద వర్గం మనకి తోడుగా ఉంది కాబట్టి భారమంతా దీని ఒక్కదాని మీదే లేదు.

ఇది ఎలా చంపుతుందో తెలిస్తే మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఆ 37లో పదకొండు ధనావేశం ఉన్నవి, ఐదు రుణావేశం ఉన్నవి. తీసేస్తే ఆరు ధనావేశాలు మిగులుతాయి. బ్యాక్టీరియా పైపొరలో రుణావేశమున్న కొవ్వు పదార్థాలు ఎక్కువ. మన కణాల పొరకి బయటివైపు దాదాపు ఆవేశం లేనివి ఉంటాయి, పైగా కొలెస్ట్రాల్ దాన్ని గట్టిపరుస్తుంది. అందుకని ఈ పెప్టైడ్ బ్యాక్టీరియాకి వెళ్ళి అతుక్కుంటుంది. అతుక్కున్నాక స్ప్రింగులా చుట్టలు తిరుగుతుంది. ఆ చుట్టకి ఒక పక్క నీటిని ఇష్టపడేది, రెండో పక్క నూనెను ఇష్టపడేది. ఆ నూనె పక్కతో పొరలోకి దిగి, పొరని చిందరవందర చేస్తుంది. లోపలి సరుకు బయటికి కారిపోయి బ్యాక్టీరియా చస్తుంది. ఈ పనంతా నిమిషాల్లో అయిపోతుంది.

ఇక్కడ గమనించండి: మన కణం మీద దీనికి 'ఇష్టం తక్కువ', అంతే. అసలు అంటుకోదని కాదు. మోతాదు పెరిగితే మన కణాల పొరనీ చెడగొడుతుంది. ఎర్ర రక్తకణాలతో మేం పరీక్షించేటప్పుడు, పెప్టైడ్ ఎక్కువ వేసిన గొట్టంలో పైనున్న ద్రవం తేటగా ఉండాల్సింది ఎర్రగా మారేది. కణాలు పగిలాయని అర్థం.

శరీరానికి ఈ సంగతి తెలుసు. అందుకే దీన్ని తయారుగా పెట్టుకోదు. న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణంలో దీని మూల ప్రోటీన్ ఒక రకం సంచుల్లో ఉంటుంది. అందులోంచి 37 అమైనో ఆమ్లాల తోకని కోసి ఇచ్చే ఎంజైమ్, ప్రోటీనేజ్-3, వేరే రకం సంచుల్లో ఉంటుంది. సూక్ష్మజీవి ఎదురై రెండు సంచులూ విప్పినప్పుడే ఇవి కలుస్తాయి. మన ఇళ్ళల్లో పారాణి కలుపుతారు చూడండి, పసుపు పసుపుగా, సున్నం సున్నంగా ఉన్నంతసేపూ ఏమీ లేదు. కలిపిన క్షణంలో ఎరుపెక్కుతుంది. అలాంటి ఏర్పాటే ఇది. చర్మంలోనైతే కోసే పని కాలిక్రీన్లనే వేరే ఎంజైములది. మామూలు చర్మంలో ఎల్ఎల్-37 చాలా తక్కువ. గాయమైతే, సూక్ష్మజీవి దిగితే పెరుగుతుంది, పని అయ్యాక తగ్గుతుంది.

చంపడం ఒక్కటే దీని పని కూడా కాదు. బ్యాక్టీరియా పగిలినప్పుడు విడుదలయ్యే ఎండోటాక్సిన్‌ని పట్టి దాని విషం తగ్గిస్తుంది. మిగతా తెల్లరక్తకణాల్ని గాయం దగ్గరికి పిలుస్తుంది. కొత్త రక్తనాళాలు మొలవడానికి, చర్మం మూసుకోవడానికి తోడ్పడుతుంది. నిజానికి ఒంట్లో ఉండే ఉప్పు, రక్తద్రవం మధ్య దీని చంపే శక్తి బాగా తగ్గుతుంది కాబట్టి, ఈ 'పిలిచే' పనే చాలా చోట్ల ముఖ్యమని నా అభిప్రాయం.

ఆ ఉప్పు సంగతి నాకు ల్యాబ్‌లో స్వయంగా తెలిసొచ్చింది. పీహెచ్‌డీ రెండో ఏడాది. పలచటి ఫాస్ఫేట్ బఫర్‌లో బ్యాక్టీరియా వేసి, పెప్టైడ్ కలిపి, పావుగంట తర్వాత ప్లేటు మీద పరిస్తే మర్నాడు ఇన్‌క్యుబేటర్‌లోంచి తీసిన ప్లేటు అద్దంలా ఉండేది, ఒక్క కాలనీ (బ్యాక్టీరియా పెరిగిన చుక్క) లేదు. ఎంత సంతోషమో! అదే పరీక్ష ఆసుపత్రుల్లో బ్యాక్టీరియాని పెంచడానికి వాడే బ్రాత్ అనే మామూలు ద్రవంలో చేశాను, అందులో ఉప్పు ఉంటుంది. ప్లేటు నిండా కాలనీలు. పది శాతం సీరం, అంటే రక్తద్రవం, కలిపాను, ఇంకా ఎక్కువ. దానికి తోడు మూడు నెలలపాటు ఫలితాలు రోజుకో రకంగా వచ్చాయి. చివరికి తేలిందేమిటంటే, ధనావేశమున్న ఈ పెప్టైడ్ గాజు గొట్టాల గోడలకే అంటుకుపోతోంది. నేను వేసిన దాంట్లో ఎంత ద్రవంలో మిగిలిందో ఎవరికీ తెలియదు. పాలీప్రొపిలీన్ గొట్టాలకి మారాకే లెక్కలు కుదిరాయి. అప్పట్లో ఈ ఊళ్ళోనే, హబ్సిగూడ దగ్గరి సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో ఆర్. నాగరాజ్ గారి బృందం ఇలాంటి పెప్టైడ్ల మీద చేసిన పనిని చదివే మేం చాలా నేర్చుకున్నాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 'ల్యాబ్‌లో 99 శాతం బ్యాక్టీరియాని చంపింది' అనే వాక్యం అమ్మకం పేజీల్లో చూసినప్పుడు, ఏ నీళ్ళలో, ఏ గొట్టంలో అని అడగాలి.

పెంచుకుంటే మంచిదేగా?

ఈ ప్రశ్నే చాలామందిది. దీనికి నా జవాబు: ఎంత ఉంది అన్నదాని కంటే ఎక్కడ ఉంది, ఎంతసేపు ఉంది, ఏ రూపంలో ఉంది అన్నవే లెక్క.

రోజేషియా అనే చర్మవ్యాధి ఉంది. బుగ్గలు, ముక్కు ఎర్రబడి, మంటపుట్టి, చిన్న పొక్కులు లేస్తాయి. మన చామనచాయ చర్మంలో ఎరుపు కనబడక మొటిమలనుకుని వదిలేస్తారు. 2007లో కాలిఫోర్నియాలో రిచర్డ్ గాలో బృందం చూపించిందేమిటంటే, ఈ జబ్బున్నవాళ్ళ ముఖచర్మంలో కాథెలిసిడిన్ విపరీతంగా ఉంది, దాన్ని కోసే ఎంజైమ్ కూడా ఎక్కువే ఉంది. కోత తీరు తప్పి తయారైన ముక్కలు ఎలుకల చర్మంలోకి ఎక్కిస్తే వాపు, ఎరుపు వచ్చాయి. అంటే 'రక్షణ' ఎక్కువైనందుకే జబ్బు.

అదే ఏడాది సోరియాసిస్ గురించి ఇంకో పని వచ్చింది. చచ్చిన మన కణాల డీఎన్‌ఏని మన రోగనిరోధక వ్యవస్థ మామూలుగా పట్టించుకోదు. ఎల్ఎల్-37 ఆ డీఎన్‌ఏకి అతుక్కుని ముద్దలా చేస్తే మాత్రం, కొన్ని కణాలు దాన్ని మింగి వైరస్ వచ్చిందనుకుని ఇంటర్‌ఫెరాన్ అనే ప్రమాద సంకేతాన్ని కురిపిస్తాయి. సోరియాసిస్ మచ్చల్లో ఈ పెప్టైడ్ దండిగా ఉంటుంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా సోరియాసిస్ ఉంటే ఆ వయల్ పేరు కూడా ఎత్తొద్దు.

దీనికి ఎదురు వైపు ఎగ్జిమా ఉంది. సోరియాసిస్ చర్మంతో పోలిస్తే ఎగ్జిమా చర్మంలో ఎల్ఎల్-37 తక్కువని 2002లోనే తేలింది. ఎగ్జిమా పిల్లలకి స్టాఫ్ అనే బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు తరచుగా రావడానికి అదొక కారణం కావచ్చు. బాబుకి మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక దురద, పొడిచర్మం ఉన్నాయా? మీరు రాయలేదు. ఉంటే అది ముందు చూపించండి.

మోతాదు గురించి నాకు బాగా గుర్తుండిపోయిన పరీక్ష ఒకటుంది. కాళ్ళ మీద మానని సిరపుండ్లున్న 34 మందితో యూరప్‌లో చేసి 2014లో ప్రచురించారు. మిల్లీలీటరుకి 0.5, 1.6, 3.2 మిల్లీగ్రాముల చొప్పున మూడు మోతాదుల్లో ఎల్ఎల్-37ని పుండు మీద పూశారు. కింది రెండు మోతాదులూ మందు కలపని ఉత్త పూత కంటే బాగా పనిచేశాయి. అన్నింటికంటే ఎక్కువున్న 3.2 మాత్రం ఉత్త పూతతో సమానంగానే ఉంది. తర్వాత ఇంకా ఎక్కువమందితో చేసిన పరీక్షలో మొత్తం మీద తేడా తేలలేదు, పెద్ద పుండ్లలో కొంత మేలు కనిపించింది. పుండు మీద, డాక్టర్ల కళ్ళ ముందు, కొలిచి పూస్తేనే పరిస్థితి ఇది. జిమ్‌లో పొట్ట చర్మం కింద గుచ్చుకుంటే ఏమవుతుందో చెప్పే మనుషుల పరీక్షలు లేవు.

నిజంగా తక్కువైన వాళ్ళుంటారా?

ఉంటారు, చాలా అరుదు. కోస్ట్‌మన్ వ్యాధి అని పుట్టుకతో న్యూట్రోఫిల్స్ దాదాపు లేని జబ్బు ఒకటి. మందులతో న్యూట్రోఫిల్స్ పెంచినా వాటిలో ఎల్ఎల్-37 ఉండదని 2002లో స్వీడన్ వాళ్ళు చూపించారు. ఆ పిల్లల చిగుళ్ళు చిన్నతనంలోనే పాడవుతాయి. పాపియాన్-లెఫెవ్ర్ సిండ్రోమ్ ఇంకొకటి. ఇందులో మూల ప్రోటీన్ ఉంటుంది కానీ కోసే కత్తెర ఉండదు. అరచేతులు, అరికాళ్ళు మందంగా పెచ్చులుకడతాయి, పాలపళ్ళూ తర్వాత వచ్చిన పళ్ళూ చిగుళ్ళు కరిగి ఊడిపోతాయి. బాబు చిగుళ్ళు బాగుండి, అరచేతులు మామూలుగా ఉంటే ఈ దిశగా దిగులు పడకండి.

విటమిన్ డి మాట

ఇది గాలికబురు కాదు, దీని వెనక గట్టి సైన్స్ ఉంది. ఎల్ఎల్-37 జన్యువు ముందు విటమిన్ డి వచ్చి నొక్కే మీట ఒకటుంది. ఆ మీట మనుషుల్లో, కోతిజాతుల్లోనే ఉంది. ఎలుకల్లో లేదు. 2006లో లాస్ ఏంజిలిస్ శాస్త్రవేత్తలు చూపింది ఇదీ: టీబీ బ్యాక్టీరియాని గుర్తుపట్టిన మాక్రోఫేజ్ (సూక్ష్మజీవుల్ని మింగే కణం), విటమిన్ డిని చురుకైన రూపంలోకి మార్చే ఎంజైమ్‌ని, దాన్ని అందుకునే రిసెప్టర్‌ని తనలో తానే పెంచుకుంటుంది. చుట్టూ ఉన్న సీరంలో విటమిన్ డి చాలినంత ఉంటే కాథెలిసిడిన్ తయారై బ్యాక్టీరియాని అదుపు చేస్తుంది. లేకపోతే మీట నొక్కే వేలే లేదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల మీద టీబీ శానటోరియం ఎందుకు కట్టారని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఎండ, గాలి, మంచి తిండి తప్ప మందు లేని కాలం అది. ఆ ఎండ చేసిన మేలులో ఈ మీట పాత్ర ఎంతో కొంత ఉండి ఉండొచ్చని ఇప్పుడు అనిపిస్తుంది.

కానీ ప్లేటులో నిజమైంది మనుషుల్లో అంతే బలంగా నిలవలేదు. మంగోలియాలో 8,851 మంది బడిపిల్లలకి మూడేళ్ళపాటు వారంవారం విటమిన్ డి గానీ మందు లేని ఉత్త మాత్ర గానీ ఇచ్చారు. దాదాపు అందరూ విటమిన్ డి లోపమున్నవాళ్ళే. 2020లో ఫలితం వచ్చింది: టీబీ ఇన్‌ఫెక్షన్ విటమిన్ తీసుకున్నవాళ్ళలో 3.6 శాతం, తీసుకోనివాళ్ళలో 3.3 శాతం. తేడా లేదు. ఇంత పెద్ద, ఇంత జాగ్రత్తగా చేసిన పరీక్షని నేను పక్కన పెట్టలేను.

అయినా లోపముంటే సరిచేయాల్సిందే. ఎముకల కోసం, కండరాల కోసం. హైదరాబాద్‌లో ఎండకి కొదవ లేదు, ఎండలోకి వెళ్ళే మనుషులకే కొదవ. ఏడింటికి స్కూలు బస్సు, సాయంత్రం ట్యూషన్, మధ్యలో ట్యూబులైటు. పొద్దున్న లేత ఎండలో నిలబడితే చాలనుకుంటారు. విటమిన్ డి తయారుచేసే కిరణాలు నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉండే వేళలోనే బాగా అందుతాయి. చర్మం రంగు ముదిరేకొద్దీ ఎక్కువసేపు కావాలి. రక్తంలో మిల్లీలీటరుకి 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే లోపమంటాం. 30 దాటాక ఇంకా పెంచాలనే ఆరాటం అనవసరం.

ఆరాటం ఎక్కడికి తీసుకెళ్తుందో ఒకటి చెబుతాను. మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ అత్తయ్యగారు, అరవై ఎనిమిదేళ్ళు. 60,000 యూనిట్ల పొట్లం వారానికొకటి వేసుకోమని రాసి ఉంది. ఇంట్లో రోజుకొకటని అర్థం చేసుకున్నారు. రెండున్నర నెలలు. మొదట మలబద్ధకం, తర్వాత వాంతులు, తర్వాత మాట తడబాటు. పక్షవాతమేమోనని తీసుకెళ్ళారు. కాల్షియం 13.8 ఉంది. 10.5 దాటకూడదు. కిడ్నీల మీద ఒత్తిడి పడింది. సెలైన్‌తో, మందులతో బయటపడ్డారు కానీ పదకొండు రోజులు ఆసుపత్రిలోనే. పిల్లలు బరువు తక్కువ కాబట్టి వాళ్ళలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది.

పసుపు పాల గురించి కూడా మీరు అడిగారు. పసుపులోని కర్క్యుమిన్ ఈ జన్యువుని ప్రేరేపిస్తుందని ల్యాబ్‌లో పెంచిన కణాల్లో చూశారు. తాగిన పసుపు అంత మోతాదులో రక్తంలోకి చేరదు. బాబుకి ఇష్టమైతే తాగనివ్వండి, మందనుకోకండి. జొన్నరొట్టె, పప్పులు, కూరగాయల్లోని పీచు పేగులో పులిసి బ్యూటిరేట్ అవుతుంది. అది పేగు గోడ కణాల్లో ఎల్ఎల్-37ని పెంచుతుంది. ఢాకాలో రక్తవిరేచనాల రోగుల్లో చూస్తే, షిగెల్లా బ్యాక్టీరియా లోపలికి రాగానే ఈ పెప్టైడ్ తయారీనే ఆపేయిస్తోందని 2001లో తెలిసింది. శత్రువు ముందుగా దీన్నే ఆపాలని చూస్తోందంటే ఇదెంత విలువైనదో అర్థమవుతుంది. ఇంట్లో ఎవరైనా బాలింతలుంటే ముర్రుపాలు పిండి పారబోయనివ్వకండి, పుట్టిన బిడ్డ ఒంటి మీది తెల్లటి జిగురుని వెంటనే రుద్ది కడగనివ్వకండి. తల్లిపాలలోనూ ఆ జిగురులోనూ ఎల్ఎల్-37 ఉంటుంది.

వయల్ విషయం

మన దేశంలో మనుషుల చికిత్సకి ఆమోదం పొందిన ఎల్ఎల్-37 ఇంజెక్షన్ ఏదీ లేదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో దీన్ని, ఫార్మసీలు కలిపి ఇచ్చే ముడిపదార్థాల్లో భద్రత మీద గట్టి అనుమానాలున్న వర్గంలో చేర్చింది. ఆ వయల్ మీద 'పరిశోధనకు మాత్రమే' అని ఉంటుంది, చదవండి.

రెండేళ్ళ క్రితం ఒక కుర్రాడి చీము మా ల్యాబ్‌కి వచ్చింది. ఇరవై ఆరేళ్ళు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇలాంటి పెప్టైడ్లే ఇంట్లో నీళ్ళు కలుపుకుని పొట్ట మీద పొడుచుకునేవాడు. పొడిచిన చోటల్లా రేగిపండంత గడ్డలు. రెండు రోజుల కల్చర్‌లో (చీములోని సూక్ష్మజీవిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఏమీ పెరగలేదు. మామూలుగా అయితే 'పెరుగుదల లేదు' అని రిపోర్టు వెళ్ళిపోయేది. ఇంజెక్షన్ చరిత్ర చీటీలో రాసి ఉండబట్టి ప్లేట్లు పారేయకుండా ఉంచాం. ఐదో రోజు గసగసాల్లాంటి కాలనీలు. రంగు వేసి చూస్తే టీబీ బంధువు, మైకోబ్యాక్టీరియం అబ్సెసస్. నీళ్ళలో బతికే రకం. మామూలు యాంటీబయాటిక్‌లకి లొంగదు. నెలల తరబడి మూడు మందులు, రెండు కోతలు. అది పొడిలోంచి వచ్చిందో, కలిపిన నీళ్ళలోంచో, సూదిలోంచో తేల్చలేకపోయాం, అప్పటికే అన్నీ పారేశాడు. ఆ పిల్లాడి తల్లి ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి 'ఆరోగ్యం కోసమేగా వేసుకున్నాడు మేడమ్' అన్న మాట నాకింకా గుర్తుంది.

యాంటీబయాటిక్‌కి బదులు? ఈరోజుకి కాదు. కప్ప చర్మంలోని మగైనిన్‌ని 1987లో మైఖేల్ జాస్‌లాఫ్ కనుక్కున్నప్పటి నుంచి ఆ ఆశ ఉంది. దాని ఆధారంగా తయారైన పెక్సిగనాన్ అనే పైపూతని మధుమేహుల పాదాల పుండ్లకి 1999లో ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు. ఐసీయూల్లో మనం ఆఖరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ కూడా బ్యాక్టీరియా పొరని పట్టే పెప్టైడే, దానికీ నిరోధకత వచ్చింది. కోళ్ళకి, పశువులకి దాన్ని పెట్టొద్దని 2019లో మన ప్రభుత్వం నిషేధించింది అందుకే.

ఇక బాబు గడ్డలు

చర్మం మీద సెగ్గడ్డలకి ఎక్కువగా కారణం స్టాఫిలోకాకస్ ఆరియస్. ఇది ఎల్ఎల్-37ని తట్టుకోవడం నేర్చిన బ్యాక్టీరియా. ఆరియోలైసిన్ అనే ఎంజైమ్‌తో ఆ పెప్టైడ్‌ని ముక్కలు చేస్తుంది, తన పొర మీది రుణావేశాన్ని తగ్గించుకుని అది అతుక్కోకుండా చేసుకుంటుంది. అంటే మీరు బయటినుంచి పోసినా లాభం తక్కువ.

పదిమందిలో ఇద్దరు ముగ్గురి ముక్కులో ఇది ఏ బాధా పెట్టకుండా కాపురముంటుంది. ముక్కులో వేలు, ఆ వేలితో తొడ మీద గోకుడు, వానాకాలం చెమట, తడి డ్రాయరు రాపిడి. గడ్డ లేస్తుంది. మామిడిపళ్ళు వేడిచేసి కాదు. మందుతో గడ్డ తగ్గినా ముక్కులోది అక్కడే ఉంటుంది. లేదా ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంటుంది. మీరు రాసినదాంట్లో ఒక్క ముక్క నా కంట్లో పడింది: 'మార్చిలో మా ఆవిడకి కూడా ఒకటి లేచింది' అని. అది ముఖ్యమైన సంగతి.

చేయాల్సినవి చెబుతాను. ఎవరి తువ్వాలు వాళ్ళదే, రెండు రోజులకోసారి వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. బాబు గోళ్ళు పొట్టిగా కత్తిరించండి. గడ్డని ఇంట్లో పిసకొద్దు, పసుపు-సున్నం పట్టీలు వేసి కాల్చొద్దు. పండిన గడ్డకి అసలు వైద్యం డాక్టర్ కోసి చీము తీయడమే, యాంటీబయాటిక్ దానికి తోడు మాత్రమే, కొన్నిసార్లు అది కూడా అక్కర్లేదు. ముక్కులో ఐదు రోజులు రాసే ముపిరోసిన్ ఆయింట్‌మెంట్, క్లోర్‌హెక్సిడిన్ స్నానం గురించి డాక్టర్‌ని అడగండి. ఇంటిల్లిపాదికీ ఒకేసారి చేస్తేనే ఫలితం. షుగర్, సీబీసీ (రక్తకణాల లెక్క) ఒకసారి చేయించండి. న్యుమోనియా, కాలేయంలో చీముగడ్డ లాంటి లోతైన ఇన్‌ఫెక్షన్ ఎప్పుడైనా వచ్చినా, బరువు పెరగకపోయినా, దగ్గరి బంధువుల్లో పిల్లలు ఇన్‌ఫెక్షన్లతో పోయిన చరిత్ర ఉన్నా, అప్పుడు మాత్రం ఇమ్యూనిటీ లోపాల పరీక్షలకి పెద్ద పిల్లల ఆసుపత్రిలో చూపించాలి.

నాలుగుసార్లు యాంటీబయాటిక్ వాడారు, ఒక్కసారి కూడా కల్చర్ చేయించలేదు. నాకు అన్నింటికంటే బాధ కలిగించింది ఇదే. ఈసారి గడ్డ లేస్తే మొదటి మాత్ర వేయకముందే చీము తీయించండి. దూది పుల్ల మీద కంటే సిరంజిలో తీసిన చీము మంచిది. స్టెరైల్ సీసాలో పెట్టి రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చండి. మూడో రోజుకి రిపోర్టు వస్తుంది. అందులో సెఫాక్సిటిన్ అనే యాంటీబయాటిక్ వరుస చూడండి, దాని పక్కన 'ఎస్' (లొంగుతుంది) ఉందో 'ఆర్' (లొంగదు) ఉందో ఇక్కడ రాయండి. 'ఆర్' అయి, ఇన్నాళ్ళూ వాడిన సిరప్ పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతిదైతే, అది ఆ బ్యాక్టీరియా మీద పనిచేసి ఉండదు, మందు మార్చే మాట డాక్టర్‌తో ఎలా అడగాలో అప్పుడు చెబుతాను.